చిట్టి చెయ్యి లేవకపోతే...

గోదావరిఖనిలో మా పక్క క్వార్టరు అమ్మాయికి 4 కిలోల బాబు పుట్టాడు. కుడి చెయ్యి మాత్రం కదల్లేదు. కాన్పులో భుజం ఇరుక్కుని, మెడనుంచి చేతికెళ్ళే నరాలు సాగాయట. 1874లో దీన్ని వివరించిన జర్మన్ డాక్టరు పేరిట 'ఎర్బ్స్ పాల్సీ' అంటారు.

"అదే వస్తది తియ్" అంటూ లాలపోసే అవ్వ ఆ చెయ్యే గుంజబోతే వద్దన్నాను. మాటలూ పడ్డాననుకోండి!

ఫిజియోథెరపిస్టు చూపినట్టు తల్లే రోజూ భుజం, మోచెయ్యి మెల్లగా ఆడించేది. చంకలు పట్టి ఎత్తనిచ్చేది కాదు. చాలామంది పిల్లలకు వారాల్లో, నెలల్లో నయమవుతుంది. 3 నెలలకూ మోచెయ్యి మడవకపోతే మాత్రం ఈ నరాల ఆపరేషన్లు చేసే సర్జనుకు చూపించాల్సిందే. నరం అతికించే అదను ఏడాది నిండేలోపే. ఆలస్యమైతే కండ చిక్కిపోతుంది.

70వ రోజున బాబు ఆ గుప్పిటే నోట్లో పెట్టుకున్నాడు. ఫస్ట్ షిఫ్టు దిగొచ్చిన తండ్రి బూట్లు విప్పకుండా చూస్తూ నిలబడిపోయాడు.