ట్యూబులోని రక్తం చక్కెర తింటుందా?

మురమళ్ళలో పొద్దున తీసిన రక్తం అమలాపురం ల్యాబుకు మధ్యాహ్నం చేరిందనుకోండి. షుగర్ ఉన్నదానికంటే తక్కువ చూపించవచ్చు. ఎందుకు?

ఒంట్లోంచి బయటికొచ్చినా రక్తకణాలు బతికే ఉంటాయి. బతకాలంటే తిండి కావాలి కదా! చుట్టూ ఉన్న గ్లూకోజునే తినేస్తాయి. మామూలు గదిలో ఉంచితే గంటకు సుమారు 5 నుంచి 7 శాతం తగ్గిపోతుంది. కోనసీమ ఎండల్లో ఇంకా త్వరగా. అందుకే షుగర్ పరీక్షకు బూడిదరంగు మూత ట్యూబు. అందులోని ఫ్లోరైడ్ ఆ తిండికి అడ్డుపడుతుంది, కానీ వెంటనే కాదు. కాబట్టి చల్లగా ఉంచి త్వరగా పంపాలి.

పొటాషియం పరీక్ష సంగతి మాత్రం తిరకాసు. కణాలను వేరుచేయని రక్తాన్ని ఐసులో పెడితే ఎర్రకణాల్లోని పొటాషియం బయటికి కారుతుంది. కణం లోపల అది బయటికంటే 20 రెట్లకు పైనే ఉంటుంది మరి! ట్యూబును గట్టిగా కుదిపినా కణాలు పగులుతాయి. పైన తేరిన పసుపు ద్రవం ఎర్రబారుతుంది. రోగికి లేని జబ్బు రిపోర్టుకెక్కుతుంది.

ఈసారి టెక్నీషియన్ చేతిని గమనించండి. ట్యూబును ఊపరు, మెల్లగా తలకిందులు చేసి తిప్పుతారు. పేరు మీ ఎదుటే రాస్తారు. ఊదారంగు మూత ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా వేసేది పొటాషియం లవణమే. అందుకే అందులోని రక్తాన్ని వేరే ట్యూబులోకి అస్సలు వంచరు.