మారియో కార్ట్

మారియో కార్ట్ జపానుకు చెందిన నింటెండో సంస్థ రూపొందించిన వీడియో ఆటల శ్రేణి. ఇందులో మారియో, లూయిజీ, యోషి, బౌజర్ వంటి పాత్రలు కార్టులు అనే చిన్న బండ్లను నడుపుతూ పందెంలో పాల్గొంటాయి. ఈ శ్రేణిలో మొదటి ఆట సూపర్ మారియో కార్ట్ 1992 ఆగష్టు 27న జపానులో విడుదలైనది. పందెపు ఆటలు అంతకు ముందు కూడా ఉన్నాయి. అయితే నేర్పులో సమానులు కానివారు, ఉదాహరణకు ఒకే ఇంటిలోని పిల్లలు, పెద్దలు, ఒకే తెర ముందు కూర్చొని పోటీపడేందుకు అనువుగా నియమాలను కూర్చడం ఈ శ్రేణి ప్రత్యేకత. ఆ నియమాలు న్యాయమైనవేనా అనే విషయంపై ఆడేవారిలో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి.

పుట్టుక

నింటెండో 1990లో విడుదల చేసిన ఎఫ్-జీరో అనే పందెపు ఆటను ఒక్కరు మాత్రమే ఆడగలరు. ఇద్దరు కలసి ఆడగల పందెపు ఆటను తయారు చేయాలన్న ఆలోచన నుండి సూపర్ మారియో కార్ట్ పుట్టినది. దీనికి తదాషి సుగియామా, హిదెకి కొన్నో దర్శకులు, షిగెరు మియమోటో నిర్మాత. ఎఫ్-జీరోలోని మితిమీరిన వేగాన్ని, పొడవైన తిన్నని బాటలను ఇద్దరి కోసం రెండుగా చీల్చిన తెరపై చూపడం ఆనాటి యంత్రానికి సాధ్యం కాలేదు. అందువలన చిన్న బండ్లను, మలుపులతో నిండిన చిన్న బాటలను ఎంచుకున్నారు. మొదట బండిని నడిపేది ఒక మామూలు మనిషి బొమ్మ. మారియోను చేర్చాలన్న నిర్ణయం తయారీ మొదలైన తరువాత జరిగినది.

ఈ ఆటలో 8 పాత్రలు, 20 బాటలు ఉన్నాయి. ఒక్కరే ఆడినా తెర పై భాగం, క్రింది భాగంగా విడిపోయే ఉంటుంది. అప్పుడు క్రింది భాగంలో బాట పటం గానీ, వెనుకవైపు దృశ్యం గానీ కనిపిస్తుంది.

వస్తువులు

బాటపై ప్రశ్నార్థకం గుర్తు ఉన్నచోట బండిని నడిపితే ఒక వస్తువు లభిస్తుంది. ముఖ్యమైన వస్తువులు:

* అరటి తొక్క: దీనిపై నుండి వెళ్ళిన బండి అదుపు తప్పి గిర్రున తిరుగుతుంది.
* ఆకుపచ్చ చిప్ప: విసిరిన దిశలో తిన్నగా పోయే తాబేటి చిప్ప.
* ఎర్ర చిప్ప: ముందున్న బండిని వెంబడించి తాకుతుంది.
* పుట్టగొడుగు: కొద్దిసేపు వేగాన్ని పెంచుతుంది.
* నక్షత్రం: కొంతసేపు ఏ దెబ్బా తగలకుండా కాపాడుతుంది.
* మెరుపు: మిగిలిన బండ్లన్నిటినీ చిన్నవిగా చేసి వాటి వేగాన్ని తగ్గిస్తుంది.
* నీలి చిప్ప: మొదటి స్థానంలో ఉన్న బండిని వెదకి కొడుతుంది. ఇది 1996లో వచ్చిన మారియో కార్ట్ 64తో మొదలైనది.

ఎవరికి ఏ వస్తువు వస్తుందన్నది పూర్తిగా అదృష్టం కాదు. అది పందెంలో వారి స్థానాన్ని బట్టి, కొన్ని ఆటలలో ముందున్న బండికి వారికి మధ్యనున్న దూరాన్ని బట్టి మారుతుంది. ముందున్నవారికి తరచుగా అరటి తొక్క, ఆకుపచ్చ చిప్ప వంటి తక్కువ బలం గలవి లభిస్తాయి. బాగా వెనుకబడినవారికి నక్షత్రం, మెరుపు వంటివి లభించే అవకాశం ఎక్కువ. దీనివలన మొదటి మలుపులోనే వెనుకబడినవారికి కూడా చివరి చుట్టు వరకు ఆశ మిగిలి ఉంటుంది.

కలసి ఆడటానికి ఏర్పాట్లు

మారియో కార్ట్ 64లో తెరను నాలుగు భాగాలు చేసి నలుగురు ఆడే వీలు కల్పించారు. ఇందుకు యంత్రంపై పడే భారాన్ని తగ్గించడానికి ముగ్గురు లేదా నలుగురు ఆడేటప్పుడు పందెంలో సంగీతాన్ని తీసివేశారు. ఒకరి బుడగలను మరొకరు పగలగొట్టే పోరు ఆటలో నలుగురు ఉన్నప్పుడు ముందుగా ఓడినవారు బాంబు బండిగా మారి మిగిలినవారిని ఢీకొట్టవచ్చు. అంటే ముందుగా ఓడినవారు వెంటనే ఊరికే కూర్చోవలసిన అవసరం లేదు.

2003లో వచ్చిన డబుల్ డాష్‌లో ఒక బండిపై రెండు పాత్రలు ఉంటాయి. ఇద్దరు ఒకే బండిని పంచుకొని, ఒకరు నడుపుతుండగా మరొకరు వెనుక నిలబడి వస్తువులను విసరవచ్చు. నడపడం సరిగా రాని చిన్నపిల్లలను పెద్దలు తమ బండిలోనే చేర్చుకోవడానికి ఇది ఉపయోగపడినది. 2005 నాటి మారియో కార్ట్ డీఎస్‌లో ఒకరి వద్ద ఆట ఉంటే చాలు, దగ్గరలోని మరో ఏడుగురు తమ యంత్రాలతో చేరవచ్చు. ఈ శ్రేణిలో ఇంటర్నెట్ ద్వారా ఆడే వీలు కూడా దీనితోనే మొదలైనది. ఆ సేవను నింటెండో 2014లో నిలిపివేసినది. ఒకే గదిలో ఆడే పద్ధతికి ఇటువంటి సేవ అవసరం లేదు కనుక దానికి అంతరాయం కలగలేదు.

2008 నాటి మారియో కార్ట్ వీలో మీటలకు బదులు చక్రాన్ని చేతితో తిప్పి బండిని మలపవచ్చు. 2017లో వచ్చిన మారియో కార్ట్ 8 డీలక్స్‌లో బండి బాట తప్పకుండా కాపాడే సహాయం, తనంతట తానే ముందుకు నడిచే సహాయం ఉన్నాయి. బాట తప్పనివ్వని సహాయాన్ని వాడేవారు కొన్ని అడ్డదారులలో వెళ్ళలేరు.

నేర్పు, అదృష్టం

చివరి చుట్టులో గమ్యానికి కొద్ది దూరంలో నీలి చిప్ప తగిలి, అప్పటివరకు ముందున్నవారు ఓడిపోవడం ఈ శ్రేణిపై వచ్చే ప్రధాన విమర్శ. తప్పు చేయకుండా నడిపినవారిని నియమాలు శిక్షిస్తున్నాయని విమర్శకుల వాదన. ప్రతిసారీ ఒకరే గెలిచే ఆటను మిగిలినవారు ఎక్కువ రోజులు ఆడరన్నది సమర్థించేవారి వాదన. చదరంగంలో నేర్పు లేనివారు గెలవడం అరుదు. వైకుంఠపాళిలో నేర్పుకు చోటు లేదు. మారియో కార్ట్ ఈ రెంటికీ మధ్యన నిలుస్తుంది.

నేర్పుకు ఇందులో విలువ తక్కువేమీ కాదు. మలుపులలో బండిని జారనిచ్చి వేగం పొందడం, అరటి తొక్కను విసరకుండా వెనుక పట్టుకొని ఎర్ర చిప్పను అడ్డుకోవడం వంటివి సాధనతో వస్తాయి. 2014 నాటి మారియో కార్ట్ 8లో నీలి చిప్పను కూడా ధ్వంసం చేయగల బూరను చేర్చారు. కప్పు పోటీలో అనేక పందేల పాయింట్లను కలిపి విజేతను నిర్ణయిస్తారు కనుక ఒక్క దురదృష్టం ఫలితాన్ని పూర్తిగా మార్చలేదు. కొన్ని ఆటలలో వస్తువులు లేకుండా కూడా పందెం పెట్టుకోవచ్చు. ఈ వెసులుబాటు వలన సమాన నేర్పు గలవారు ఒక విధంగా, ఇంటిల్లిపాదీ మరొక విధంగా ఆడుకోవచ్చు.

ప్రభావం

ఈ శ్రేణి విజయం తరువాత డిడ్డీ కాంగ్ రేసింగ్ (1997), క్రాష్ టీమ్ రేసింగ్ (1999) వంటి అనేక ఆటలు ఇదే పద్ధతిలో వెలువడ్డాయి. సూపర్ టక్స్ కార్ట్ అనే ఉచిత సాఫ్టువేరు ఆటను స్వచ్ఛంద కార్యకర్తలు అభివృద్ధి చేస్తున్నారు. మారియో కార్ట్ 8 డీలక్స్ 6 కోట్లకు పైగా ప్రతులు అమ్ముడైనది. 2019లో సూపర్ మారియో కార్ట్‌కు అమెరికాలోని ప్రపంచ వీడియో ఆటల కీర్తిమందిరంలో స్థానం లభించినది. 2025 జూన్ 5న విడుదలైన మారియో కార్ట్ వరల్డ్‌లో ఒక పందెంలో 24 బండ్లు పాల్గొంటాయి. ఇందులోనూ ఒకే తెరను పంచుకొని నలుగురు ఆడే పద్ధతిని కొనసాగించారు.