ఆటగాళ్లకు తలుపు తెరిచారు, కోచ్‌కు కుర్చీ వేయలేదు

మెరిట్ గురించి మాట్లాడేవాళ్లకు మనం చెప్పాల్సిన ఒక జీవితం అమెరికాలో ఉంది. అది నల్లజాతి ఫుట్‌బాల్ కోచ్ ఎడ్డీ రాబిన్సన్‌ది.

ఆయన 1919లో లూసియానా రాష్ట్రంలో పుట్టారు. తండ్రి పాలుకు సేద్యం చేసేవాడు, తల్లి ఇళ్లలో పనిచేసేది. డిగ్రీ చదివినా ఆయనకు మొదట దొరికింది దాణా మిల్లులో గంటకు 25 సెంట్ల కూలి. 1941లో గ్రాంబ్లింగ్‌లోని నల్లజాతి కళాశాల ఆయన్ని కోచ్‌గా తీసుకుంది. మైదానంలో సున్నం గీతలు గీయడం నుంచి పత్రికలకు ఆట వార్తలు రాసి పంపడం దాకా అన్నీ ఆయనే చేసుకున్నారు. 1942లో ఆయన జట్టు మీద ప్రత్యర్థులెవరూ ఒక్క పాయింటు కూడా సాధించలేకపోయారు.

అమెరికన్ ఫుట్‌బాల్‌లో ప్రొఫెషనల్ లీగుకు దారి కళాశాల జట్టే. దక్షిణాది తెల్లజాతి విశ్వవిద్యాలయాలు నల్ల విద్యార్థులను చేర్చుకోలేదు. 1934 నుంచి 1945 వరకు ఎన్‌ఎఫ్‌ఎల్ లీగులోనూ నల్ల ఆటగాడు లేడు. 1949లో రాబిన్సన్ శిష్యుడు ట్యాంక్ యంగర్ లాస్ ఏంజెలిస్ రామ్స్‌లో చేరాడు. నల్లజాతి కళాశాల నుంచి ఆ లీగుకు వెళ్లిన మొదటివాడు అతనే. తర్వాత గ్రాంబ్లింగ్ నుంచి 200 మందికి పైగా ప్రొఫెషనల్ ఆటకు వెళ్లారు. క్వార్టర్‌బ్యాక్ అంటే జట్టుకు బుర్ర. నల్లవాళ్లు ఆ స్థానానికి పనికిరారనేవారు. 1988లో రాబిన్సన్ శిష్యుడు డగ్ విలియమ్స్ అదే స్థానంలో ఆడి సూపర్ బౌల్ గెలిపించాడు.

1970ల నాటికి తెల్లజాతి విశ్వవిద్యాలయాలు నల్ల ఆటగాళ్లను తీసుకోవడం మొదలుపెట్టాయి. కానీ కోచ్ కుర్చీ అంత తేలిగ్గా కదల్లేదు. పై స్థాయి విశ్వవిద్యాలయ జట్టుకు మొదటి నల్లజాతి హెడ్ కోచ్‌గా విల్లీ జెఫ్రీస్ 1979లో గానీ రాలేదు. ఆధునిక ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆర్ట్ షెల్ 1989లో వచ్చారు. అప్పటికి రాబిన్సన్ గ్రాంబ్లింగ్‌కు వచ్చి 48 ఏళ్లు.

1985లో ఆయన అలబామా కోచ్ బేర్ బ్రయంట్ 323 విజయాల రికార్డును దాటారు. 1997లో విరమించేనాటికి 408 విజయాలు, 165 ఓటములు, 15 డ్రాలు. అన్నీ ఒకే కళాశాలకు.

ఆయన ఎక్కువగా నల్లజాతి కళాశాలల మీదే గెలిచారు కదా, ఆ రికార్డుకు అంత విలువేమిటని కొందరు వాదించారు. కంచె కట్టింది ఎవరు? కట్టినవాళ్లే ఆ పక్క ఆడలేదేమని అడిగితే అది న్యాయమా? ఈ వాదన మనకు కొత్త కాదు. అందుకే ఒక సంస్థ మారిందో లేదో చూడాలంటే అందులో చేరినవాళ్లను లెక్కపెడితే చాలదు. ఎంపిక చేసే కుర్చీల్లో ఎవరున్నారో కూడా లెక్కపెట్టాలి.