గోరింటాకు: కేశ సంరక్షణలో దాని స్థానం, దాని హద్దులు

కొల్లేటి మిగులు నీటిని సముద్రానికి చేర్చే ఉప్పుటేరుకు చేరువలో ఉన్నది ఆకివీడు. అక్కడి పాత పెరళ్ళకు గోరింట కొత్త చెట్టు కాదు. ఆషాఢం వస్తే హిందువుల ఇళ్ళలోనూ, పండుగకో పెళ్ళికో ముందురోజు ముస్లింల ఇళ్ళలోనూ ఆ కొమ్మల ఆకు దూసి, రోట్లో వేసి నూరడం తరతరాలుగా వస్తున్న వాడుక. తెలుగే ఇంటిభాషగా గల నూర్‌బాషా కుటుంబాలు దానిని గోరింటాకనే అంటాయి. ఉర్దూ మాట్లాడేవారికి అది మెహందీ. అరబీలో దాని పేరు హిన్నా. పేరేదైనా ఆకు ఒక్కటే.

చేతులకు పెట్టుకునే ఈ ఆకునే తలకు పట్టిస్తే జుట్టు గట్టిపడుతుందనీ, నిగనిగలాడుతుందనీ, నెరుపు కనబడదనీ పెద్దవారు చెబుతారు. ఈ మాటలో నిజమెంత? దీనిని గురించి ధర్మం ఏమంటున్నది? ఇంటిలో దీనిని ఏ విధంగా చేసుకోవాలి? బజారులో గోరింటాకు పేరుతో దొరికేదంతా గోరింటాకేనా? ఈ నాలుగు ప్రశ్నలూ తెలుసుకోదగినవి. ముఖ్యంగా నాలుగవ ప్రశ్నను తేలికగా తీసుకున్నవారు కొందరు ముఖం వాచి, కళ్ళు మూసుకుపోయి ఆసుపత్రికి పోవలసి వస్తున్నది.

హదీసు గ్రంథాలలో గోరింటాకు

గోరింటాకు వాడకం ఇస్లాంకు ముందునుంచీ ఉన్నదే. ప్రాచీన ఈజిప్టు ప్రజలకు కూడా అది తెలుసు. అయితే దైవప్రవక్త (స) దానిని ఆమోదించడంవల్ల ముస్లింల ఇళ్ళలో దానికొక ప్రత్యేక స్థానం ఏర్పడింది. నెరిసిన వెంట్రుకల రంగు మార్చటానికి వాడే వస్తువులలో హిన్నా, కతమ్ అనే రెండూ శ్రేష్ఠమైనవని ఆయన చెప్పినట్లు హజ్రత్ అబూజర్ (రజి) ఉల్లేఖించారు. ఇది అబూ దావూద్, తిర్మిజీ సంకలనాలలో ఉన్నది. కతమ్ అనేది నలుపు కలిసిన రంగునిచ్చే ఒక మొక్క. రెండూ కలిపితే ఎరుపుకూ నలుపుకూ నడుమ రంగు వస్తుంది. హజ్రత్ అబూబక్ర్ (రజి) ఈ రెండింటినీ కలిపి వాడేవారని సహీహ్ ముస్లింలో ఉన్నది.

హిజ్రీ 8వ సంవత్సరంలో, అంటే క్రీ.శ. 630లో, మక్కా విజయం నాడు అబూబక్ర్ (రజి) తండ్రి అబూ ఖుహాఫాను దైవప్రవక్త (స) సన్నిధికి తీసుకువచ్చారు. ఆ వృద్ధుని తల, గడ్డం తెల్లని పూలమొక్కవలె నెరిసి ఉన్నాయి. ఆ తెలుపును దేనితోనైనా మార్చమనీ, నలుపును మాత్రం వదలమనీ దైవప్రవక్త (స) సూచించారు. ఈ ఉదంతం కూడా సహీహ్ ముస్లింలోనిదే. దీనిని ఆధారం చేసుకొనే హనఫీ పండితులలో అధికసంఖ్యాకులు అచ్చమైన నలుపు రంగును అనుచితమన్నారు. ఇమామ్ అబూ యూసుఫ్ మాత్రం భార్యాభర్తలు ఒకరికొకరు అలంకరించుకొనే విషయంలో దానిని అనుమతించారు. గోరింటాకు ఎరుపు విషయంలో ఈ వివాదమే లేదు.

జుట్టు ఉన్నవారు దానిని గౌరవంగా చూసుకోవాలని ఒక హదీసు చెబుతుంది. ప్రతిరోజూ అదే పనిగా దువ్వుకుంటూ కూర్చోవడాన్ని మరొక హదీసు వారిస్తుంది. రెండూ అబూ దావూద్‌లోనే ఉన్నాయి. రెండింటినీ కలిపి చదివితే ధర్మం కోరేదేమిటో తెలుస్తుంది. ఒంటిని పట్టించుకోకుండా వదిలేయరాదు, అలంకరణే పనిగానూ పెట్టుకోరాదు.

వెంట్రుకపై ఆకు చేసే పని

గోరింటాకులో ‘లాసోన్’ అనే రంగు పదార్థం ఉన్నది. ఎండు ఆకులో దాని పాలు సుమారు నూటికి ఒక వంతు. ఆకు చెట్టున ఉన్నప్పుడు ఈ పదార్థం మరొక రూపంలో దాగి ఉంటుంది. ఆకును నూరి, తడిపి, కొంత పులుపు తగిలిస్తే అది విడుదలవుతుంది. రోట్లో గోరింటాకు నూరేటప్పుడు మన ఆడవారు చింతపండో నిమ్మరసమో వేయడంలోని రహస్యం ఇదే. వారికి రసాయన శాస్త్రం తెలియకపోయినా పని తెలుసు.

వెంట్రుక కెరటిన్ అనే మాంసకృత్తుతో తయారైనది. గోళ్ళూ, గొర్రె ఉన్నీ కూడా ఆ పదార్థమే. ఏలూరులో పారశీక దేశంనుంచి వచ్చినవారి సంతతిగా చెప్పుకొనే ముస్లిం నేతగాళ్ళు పూర్వంనుంచీ ఉన్ని తివాచీలు నేస్తున్నారు. ఉన్నికి రంగు పట్టేదీ, తల వెంట్రుకకు గోరింట పట్టేదీ ఇంచుమించు ఒకే స్వభావం వల్ల. లాసోన్ కెరటిన్‌తో నేరుగా కలిసి బంధం ఏర్పరచుకుంటుంది. అది పైన పూసిన పూతవలె రాలిపోదు. కనుకనే గోరింట ఎరుపు కడిగితే పోదు, వెంట్రుక పెరిగేకొద్దీ కొసలకు జరుగుతుంది.

వెంట్రుక పైభాగాన చేప పొలుసుల వంటి సన్నని పొరలు ఉంటాయి. ఎండ, దుమ్ము, ఘాటైన సబ్బు, గట్టి దువ్వెన వీటిని లేపివేస్తాయి. అప్పుడు జుట్టు గరుకై చిక్కుపడి తెగిపోతుంది. గోరింట ఈ పొలుసులకు పట్టుకొని వాటిని కొంతవరకు కప్పి ఉంచుతుంది. అందుచేత జుట్టు కొద్దిగా దళసరిగా, నునుపుగా కనిపిస్తుంది, తెగడం తగ్గుతుంది. ‘జుట్టు గట్టిపడుతుంది’ అనే మాటలో నిజం ఇంతవరకే.

చర్మం పైకి వచ్చిన వెంట్రుకలో ప్రాణం లేదు. దాని పుట్టుక చర్మంలోపలి కుదురులో జరుగుతుంది. గోరింటాకు పనిచేసేది వెంట్రుకపై, కుదురుపై కాదు. కనుక ఊడిన జుట్టును అది మళ్ళీ మొలిపించదు. రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం అందరిలోనూ సహజమే. అంతకు మించి కుచ్చులుగా ఊడుతుంటే రక్తహీనత, థైరాయిడ్ లోపం, పెద్ద జ్వరం, కాన్పు వంటి కారణాలను చూడాలి. రక్తం తక్కువైన తల్లికి నెలల తరబడి తలకు ఆకు పెట్టి సరిపెట్టడం చికిత్సను వాయిదా వేయడమే అవుతుంది.

కొల్లేటి ప్రాంతపు నీరు

ఈ ప్రాంతంలో మరొక సమస్య ఉన్నది. చాలచోట్ల బోరు నీరు ఉప్పన. తాగటానికి గోదావరి కాలువ నీటిని ఊరి చెరువులో నిలవచేసి వాడుకొంటారు గాని, స్నానానికి చాలమంది బోరు నీటినే పోసుకొంటారు. కఠిన జలంలో సబ్బు సరిగా నురగ రాదు. సబ్బుతో నీటిలోని లవణాలు కలిసి తెల్లని తెట్టుగా వెంట్రుకలకు అంటుకొంటుంది. ఆ తెట్టుపై గోరింట పట్టదు. కుంకుడుకాయకు ఈ దోషం లేదు. అది కఠిన జలంలో కూడా తెట్టు కట్టకుండా మురికి వదిలిస్తుంది. కనుక గోరింట పెట్టే ముందు తలను కుంకుడు రసంతో శుభ్రం చేసి, చివర రెండు చెంబుల కాలువ నీటితోనో పట్టిన వాన నీటితోనో కడగడం మంచిది.

ఇంటిలో చేసుకొనే విధానం

భుజాల వరకు ఉన్న జుట్టుకు 100 గ్రాముల ఎండు గోరింట పొడి చాలును. పచ్చి ఆకైతే రెండు మూడు గుప్పిళ్ళు మెత్తగా నూరాలి. పొడిని సన్నని గుడ్డలో జల్లించి, పావు లీటరుకు కొంచెం మించిన గోరువెచ్చని నీరు పోసి, ఒక చెంచా నిమ్మరసం కలిపి, గరిటెజారుగా చేయాలి. మరిగే నీరు పోయరాదు. మూతపెట్టి ఆరేడు గంటలు ఉంచితే రంగు విడుదలవుతుంది. జుట్టు పొడిబారినవారు నిమ్మరసం తగ్గించి పుల్లని మజ్జిగతో కలుపుకోవచ్చు. రాత్రి నానబెట్టిన మెంతులు, మందార ఆకు నూరి చేర్చితే జిగురు వచ్చి దువ్వుకొనేటప్పుడు చిక్కు సులభంగా విడుతుంది. అయితే ఇవి ఎక్కువైతే రంగు పలచనవుతుంది.

కొందరు ఇనుప మూకుడులో టీ డికాక్షన్, ఉసిరి పొడి వేసి నానబెడతారు. ఉసిరిలోని వగరు ఇనుముతో కలిసి నల్లబడుతుంది. పూర్వం అరబీ, పారశీ వ్రాతప్రతులకు వాడిన సిరాలలో ఒక రకం ఈ సూత్రంతోనే తయారయ్యేది. కనుక మూకుడులో కలిపిన గోరింట ముదురు గోధుమ రంగు నిస్తుంది.

ముందుగా మోచేతి లోపలివైపు కొద్దిగా రాసి 48 గంటలు చూడాలి. దురద, దద్దు లేకపోతే తలకు పట్టించవచ్చు. నుదుటి అంచునా చెవులకూ కొబ్బరినూనె రాస్తే చర్మానికి రంగు అంటదు. జుట్టును పాయలుగా విడదీసి కుదుళ్ళనుంచి కొసల దాకా పట్టించి, ముడివేసి, గుడ్డ కట్టుకోవాలి. రెండు మూడు గంటలు చాలును. పూర్తిగా ఎండి పెళుసు కాకముందే నీటితో కడిగివేయాలి. ఆ రోజు సబ్బు గాని, షాంపూ గాని వాడరాదు. మొదట నారింజ రంగులో కనిపించినా గాలి తగిలి రెండు రోజులలో ముదురుతుంది. మరునాడు కొబ్బరినూనె గాని నువ్వులనూనె గాని రాయాలి, ఎందుకంటే గోరింట స్వభావం ఆరబెట్టేది. నెలకొకసారి చాలు. వారం వారం పెడితే జుట్టు బిరుసెక్కుతుంది.

వుజూ, గుస్ల్, ఇతర విషయాలు

గోరింట వల్ల వుజూ చెల్లదేమోనని కొందరు స్త్రీలు సందేహిస్తారు. తలపై, చేతులపై ముద్ద ఉన్నంతసేపూ అది నీటికి అడ్డమే. కడిగిన తరువాత మిగిలేది రంగు మాత్రమే, పొర కాదు. గోళ్ళరంగు గోటిపై పొర కడుతుంది కనుక దానిని తీయాలి. గోరింట ఎరుపును తీయనక్కరలేదు. కనుక ఇషా నమాజు అయ్యాక పట్టించుకొని పడుకొనేముందు కడిగేవారికీ, రెండు నమాజుల మధ్య ఎడం చూసుకొనేవారికీ ఇబ్బంది లేదు. విధిస్నానంలో స్త్రీ జడ విప్పవలసిన పనిలేదనీ, నీరు కుదుళ్ళకు చేరితే చాలుననీ హజ్రత్ ఉమ్మె సలమా (రజి) హదీసు వల్ల పండితులు తెలిపారు. అయితే ఎండిన ముద్ద కుదుళ్ళ వద్ద మిగిలిపోతే నీరు చేరదు. అందుచేత దానిని శుభ్రంగా వదిలించుకోవాలి.

ఉపవాసంలో తలకు గోరింట పెట్టినా, నూనె రాసినా ఉపవాసం భంగం కాదు. భర్త మరణించిన స్త్రీ గర్భవతి కానప్పుడు ఇద్దత్ గడువు నాలుగు నెలల పది రోజులు. ఆ గడువులో గోరింట మానాలి. హనఫీ ధర్మశాస్త్రం గోరింటను సువాసన ద్రవ్యంగా పరిగణిస్తుంది కనుక ఇహ్రామ్ స్థితిలో కూడా దానిని వాడరాదు. పురుషులు తలకు, గడ్డానికి పెట్టుకోవచ్చు. చేతులకు, కాళ్ళకు అలంకారంగా పెట్టుకోవడం స్త్రీలకే పరిమితం.

పొట్లంలో ఉన్నది ఏమిటి?

అన్నిటికంటే ముఖ్యమైన విషయం ఇది. దేశంలో పొడికోసం గోరింటను విస్తారంగా పండించేది రాజస్థాన్‌లోని పాలీ జిల్లా సోజత్ ప్రాంతం. అక్కడి గోరింటకు 2021లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. అచ్చమైన ఆకు పొడి ఇచ్చేది నారింజ, ఎరుపు, గోధుమ రంగులే. అదీ గంటల మీదనే. పావుగంటలో, అరగంటలో కారునలుపు వస్తుందని చెప్పే పొడి ఏదైనా అచ్చమైన గోరింట కాదు.

అటువంటి ‘నల్ల మెహందీ’లో తరచు పారాఫినిలిన్ డయమీన్ అనే రసాయనం కలుపుతారు. ఇది కొందరికి తీవ్రమైన అలర్జీ కలిగిస్తుంది. తల, కనురెప్పలు వాచి, చర్మం పొక్కులెక్కుతుంది. ఒకసారి పడనివారికి జీవితాంతం పడదు. ఐరోపా సంఘపు నిబంధనలు తలరంగులలో దీనిని 2 శాతానికి మించనివ్వవు, చర్మంపై పూయటానికి అసలు అనుమతించవు. కడుపులోకి పోతే కండరాలు, మూత్రపిండాలు దెబ్బతిని ప్రాణాపాయం కలుగుతుంది. కనుక ఇటువంటి పొడులను, తలరంగులను పిల్లలకు అందని చోట ఉంచాలి. పొట్లంపై దినుసుల పేర్లు లేకపోతే కొనకపోవడమే క్షేమం.

అచ్చమైన గోరింట విషయంలో కూడా ఒక హెచ్చరిక ఉన్నది. జీ-6-పీ-డీ అనే ఎంజైము లోపం పుట్టుకతో కొందరు పిల్లలలో ఉంటుంది. అది పైకి కనబడదు. అటువంటి పసిబిడ్డకు గోరింట పూస్తే చర్మం ద్వారా లోపలికి పోయి ఎర్ర రక్తకణాలు పగిలిపోవచ్చు. బిడ్డ పాలిపోయి, పచ్చబడి, మూత్రం ముదురు రంగుకు తిరుగుతుంది. కాబట్టి వేడుక పేరుతో చంటిబిడ్డల చేతులకు, కాళ్ళకు, తలకు గోరింట పూయరాదు. ఎవరైనా పూసి ఈ లక్షణాలు కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకుపోయి, గోరింట పూసిన సంగతి వైద్యునికి చెప్పాలి. ఇంట్లో ఈ లోపం ఉన్నట్లు తెలిసిన పెద్దవారు కూడా వైద్యుని అడిగిన తరువాతనే వాడాలి.

దేహం అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. దానిని శుభ్రంగా, శోభగా ఉంచుకోవడం ఎంత ధర్మమో, తెలియని పొడులకు అప్పగించకపోవడం అంత ధర్మం. పెరటిలో గోరింట చెట్టు ఉన్న ఇంటికి ఖర్చు లేదు, కల్తీ భయం లేదు. నీరు నిలవని మెరక చూసి ఒక కొమ్మ నాటితే అది ఆ ఇంటి ఆడపిల్లల పెళ్ళిళ్ళకూ, ఇరుగుపొరుగు వారి ఆషాఢానికీ కూడా ఆకునిస్తుంది.