ఫ్రిజ్ గ్యాసు ఎక్కడికి పోతుంది?

కుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయి? కుండ చెమరుస్తుంది. ఆ చెమ్మ ఆవిరవుతూ నీళ్లలోని వేడిని తీసుకుపోతుంది. ఫ్రిజ్‌లో జరిగేదీ ఇంచుమించు ఇదే. గొట్టాల్లో ఒక గ్యాసు తిరుగుతుంటుంది. అది లోపలి వేడిని పీల్చుకుని బయట వదులుతుంది.

మన కార్వేటినగరంలో ఏ కూల్‌డ్రింకుల అంగట్లోనో ఫ్రిజ్ చెడిపోతుంది. మెకానిక్ వచ్చి "గ్యాసు అయిపోయిందక్కా, పట్టాల" అంటాడు. గ్యాసు దీపంలో నూనె మాదిరి అయిపోయేది కాదు. గొట్టం బాగున్నన్నాళ్లూ అదే గ్యాసు తిరుగుతుంది. తగ్గిందంటే ఎక్కడో చిల్లు పడిందన్న మాట. ముందు చిల్లు పూడ్చాల. తర్వాతే గ్యాసు పట్టాల. లేకుంటే గ్యాసూ పోతుంది, మీ దుడ్లూ పోతాయి.

పోయిన గ్యాసు ఏమవుతుంది? పాత ఫ్రిజ్‌లలో ఆర్-12 అనే గ్యాసు ఉండేది. అది నూరేండ్లయినా గాలిలో ఉంటుంది. మెల్లగా పైకి చేరుతుంది. అక్కడ, 15 నుంచి 35 కిలోమీటర్ల ఎత్తులో, ఓజోన్ పొర ఉంది. ఎండలోని చెడు కిరణాలను అది ఆపుతుంది. ఆర్-12 అక్కడ విరిగి ఓజోన్‌ను తినేస్తుంది. పొర పలచబడితే కంట్లో శుక్లాలు, చర్మానికి కేన్సరు పెరుగుతాయి. పొద్దంతా చేన్లో వంగి పనిచేసేది ఎవరు? మనమే కదా!

1987 సెప్టెంబరు 16న కెనడాలోని మాంట్రియల్ నగరంలో దేశాలు కలిసి ఒప్పందం రాసుకున్నాయి. ఇలాంటి గ్యాసులు మానాలన్నది ఆ ఒప్పందం. మన దేశం 1992లో చేరింది. 2008 ఆగస్టు 1 నుంచి ఇక్కడ ఆర్-12 వంటి గ్యాసుల తయారీ ఆగింది. ఆస్తమా మందు పీల్చే డబ్బాలకు మాత్రం కొన్నాళ్లు మినహాయింపు ఇచ్చారు.

ఫ్యాక్టరీని ఆపించడం ఒక ఎత్తు. వీధి వీధిలో ఉండే మెకానిక్‌కు నేర్పడం ఇంకో ఎత్తు. ఇదే కష్టమైన పని. వాళ్లు పాత గ్యాసును ఉస్సుమని గాలిలోకి వదిలేసేవారు. అందుకని దేశమంతటా వేలమందికి శిక్షణ ఇచ్చారు. గ్యాసును మిషనుతో సిలిండరులోకి లాగడం, శుభ్రం చేసి మళ్లీ వాడడం నేర్పారు.

కొత్త ఫ్రిజ్‌లలో ఆర్-600ఏ ఎక్కువ. ఓజోన్‌కు హాని లేదు. కానీ వంటగ్యాసులా అంటుకుంటుంది. ఇది తెలియక మూసిన గదిలో వెల్డింగు నిప్పు పెడితే ప్రాణానికే ముప్పు.

ఫ్రిజ్ వెనక కంప్రెసర్ మీద చీటీ ఉంటుంది. ఇంగ్లీషు రాకపోయినా అంకెలు మీకు వచ్చు. 134 అని ఉంటే అది అంటుకునే గ్యాసు కాదు. ఓజోన్‌ను చెరపదు గానీ భూమిని వేడెక్కిస్తుంది. 600 అని ఉంటే తలుపులు, కిటికీలు తెరవండి. పొయ్యి ఆర్పండి. గ్యాసు పూర్తిగా తీసేదాకా నిప్పు పెట్టవద్దని మెకానిక్‌కు చెప్పండి.