ఊరి వాగులో చేప జాడ

పల్నాటి నదులనగానే కృష్ణవేణి స్ఫురించును. ఆ వెనుక మాచెర్ల కడ చంద్రవంకయు, కారెంపూడి కడ నాగులేరును తలపునకు వచ్చును. ఎత్తిపోతల కడ సుమారు 70 అడుగుల ఎత్తునుండి దుముకుటచే చంద్రవంకకు, పలనాటి వీరుల కథవలన నాగులేటికి కీర్తి కలిగినది. నాదెండ్ల ప్రాంతపు నల్లరేగడి చేల నడుమ పారు ఓగేరు, కుప్పగంజి వాగులకు అట్టి ప్రఖ్యాతి లేదు. వరద వచ్చి దారి తెగిన నాడు తప్ప వాని పేరెత్తువారు అరుదు. అయినను గాలము వేయ వేడుక గలవారికి ఇట్టి వాగులు చూడదగినవి. వానిని ముందుగా పరిశీలించు విధమును పెద్దలకు మనవి చేసెదను.

ఈ విద్య మనకు క్రొత్తది కాదు. కల్యాణపురము నేలిన చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు 1130 ప్రాంతమున రచించిన మానసోల్లాసమున మత్స్యవినోదమను ప్రకరణము కలదు. అందు చేపల జాతులను, వానికి వేయదగిన ఎరలను ఆ రాజు వివరించెను.

పరిశీలనకు వసంతము తగిన కాలము. చైత్రము వచ్చుసరికి పారుదల సన్నగిల్లి నీరు తేరును. వర్షాకాలమున ఒకే తీరుగ కనుపించిన ఏరు ఇప్పుడు ఇసుకమేటలుగా, రాతిపరుపులుగా, మడుగులుగా విడివడి తన స్వరూపము తెలుపును. 1967లో నాగార్జునసాగరపు కుడికాలువకు నీరు వదలిన పిమ్మట పొలముల మురుగునీరు కొన్ని వాగులలో చేరుటచే, పూర్వము ఎండిపోవు తావులందును నేడు నీరు నిలుచుట కలదు. కావున పాత జ్ఞాపకమును నమ్ముకొనక కన్నులార చూడవలెను.

మొదట గొఱ్ఱెల కాపరులను, చాకలివారిని, బెస్తలను అడుగుట మేలు. ఏ మడుగు వైశాఖమున కూడ ఇంకదో వారెరుగుదురు. పిదప ఉదయముననే గట్టువెంట నడువవలెను. వాగు వంపు తిరిగిన చోట వెలుపలి గట్టు కోసుకొనిపోయి లోతు ఏర్పడును. చప్టాల దిగువను, చెట్ల వేళ్లు నీటిలోనికి దిగిన చోటను, తుంగ పెరిగిన అంచులను చేప యుండును. త్రాటికి రాయి కట్టి విడిచిన లోతు తెలియును. ఇసుక త్రవ్విన గోతులు పైకి కనబడవు గనుక ఎరుగని నీటిలో దిగరాదు.

మన వాగులలో గాలమునకు పేరుబడినది కొర్రమీను. దీనికి మొప్పలతోపాటు గాలి పీల్చు అవయవము కూడ కలదు. అందుచే నడుమనడుమ పైకివచ్చి గ్రుక్కెడు గాలి మ్రింగి పోవును. నీడ నీటిమీద పడకుండ గట్టున కదలక కూర్చున్నచో ఆ అలికిడి తెలియును. నీరు చెడువాసన వేసినను, చచ్చిన చేపలు తేలినను ఆ తావు విడిచి, పైన ఎవరైన ప్రత్తికో మిరపకో కొట్టు పురుగుమందు పంపులను కడుగుచున్నారేమో విచారింపవలెను.

ఇట్లు మంచి మడుగు కనుగొన్న పిమ్మట చేయవలసినదేమి? ఇదియే ముఖ్యము. వేసవిలో వాగంతటి చేపయు రెండు మూడు మడుగులలో తలదాచుకొనును. అప్పుడు పట్టుట మిక్కిలి సులభము. అడ్డుకట్ట వేసి నీరు తోడి, ఉన్నదంతయు ఏరుకొనువారు కలరు. మందు కలుపువారు, తోటాలు పేల్చువారు కూడ కలరు. ఈ కడపటి రెండు పనులను 1897 నాటి మత్స్యచట్టమే నిషేధించినది. వేసవి మడుగు వాగునకు విత్తనపు పాతర. విత్తనము వండుకొని తిను రైతు ఉండునా?

వానలు పడిన పిదప కొర్రమీను జంట కలుపు తొలగించి గూడు చేయును. గుడ్లు నీటిపై తేలును. పొదిగిన పిల్లలు నారింజవన్నె గుంపుగా తిరుగుచుండ తల్లియు తండ్రియు క్రింద కాచుకొనియుండును. ఆ గుంపు నడుమ ఎర వేసిన కాపుగా నున్న చేప కోపముతో మీదికి దుముకి చిక్కును. దానితో పిల్లలు దిక్కులేనివై పరుల పాలగును. అమెరికాలో స్మాల్‌మౌత్ బాస్ అను చేప వసంతముననే గులకరాళ్లలో గూడు చేయును, మగది కాపుండును. దానిని తీసివేసిన కొద్దిసేపటికే ఇతర చేపలు గుడ్లను తినివేయునని అచటివారు కనుగొనిరి. అందుచే గూటిపై నున్న చేపను పట్టరాదని పలువురు వేటగాండ్రు నియమము పెట్టుకొనిరి.

మనకును అట్టి నియమము తగును. ఎర్రగుంపు కనుపించినచో గాలము తీసివేయుడు. వేసవిలో ఇంటికి చాలిన ఒకటి రెండు చేపలతో తృప్తినొందుడు. చిన్నవి చిక్కిన చేయి తడిపి పట్టుకొని విడువుడు. చేపల హక్కు పంచాయతికో, బెస్తల సంఘమునకో చెందినచో ముందుగా అనుమతి పొందుడు. ఏ మడుగు ఊరివారందరిదో, దేనిని తాకరాదో ఆ ఊరి పెద్దలే నిర్ణయించి చెప్పగలరు. పెద్దలు చెప్పిన మాట పడుచువారు విందురు. తొలకరికి వాగు పారునప్పుడు ఆ మడుగులో మిగిలిన చేపయే క్రిందికిని మీదికిని వ్యాపించి ఏటిని మరల నింపును.