నెల్లూరు తీరమునఁ జేతిపని చదువు

పాఠశాలలు వెలయకమునుపే నెల్లూరు తీరమున వృత్తివిద్య కలదు. పట్టపువారి పిల్లవాఁడు వల యల్లుటయు, దుంగలను త్రాళ్లతో బిగించి తెప్ప కట్టుటయు, గాలివాలు చూచి కడలికిఁ బోవుటయుఁ దండ్రివద్దనే నేర్చెడివాఁడు. అక్షరముతోఁ బని లేని యీ నేర్పును దొరతనమువారి విద్యాశాఖ విద్యగా నెంచలేదు. చిక్కంతయు నిచ్చటనే యున్నది. చేతిపనిని బడిలోనికిఁ దెచ్చిన ప్రతిసారియు, నది యెవ్వరి బిడ్డలకను ప్రశ్న వెంట వచ్చెను.

1882 నాటి హంటరు సంఘము ఉన్నత పాఠశాలలలో రెండు మార్గములుండవలెననెను: ఒకటి విశ్వవిద్యాలయమునకు, రెండవది వర్తకాది వ్యవహారములకు. చెన్నరాజధానిలో 1886లో సాంకేతిక పరీక్షల యేర్పాటు జరిగెను. అక్షరము రానివానికిఁ బరీక్ష యందదు గదా; తీరపుఁ బల్లెలకు దానివలనఁ గలిగిన లాభ మత్యల్పము.

కావలిలోని యెఱుకల సెటిల్మెంటు కథ వేఱు. ఎఱుకలవారిలోఁ బెక్కురు పూర్వము తీరపుటుప్పును ఎద్దులపైని, గాడిదలపైని లోనాడులకుఁ జేర్చి, ధాన్యమునకు మార్చుకొని వచ్చెడి వర్తకులు. ఉప్పుపైని దొరతనపు గుత్తాధికారమును, రైలుమార్గములును ఆ జీవనమును జెఱిచినవి. పిమ్మట 1911 నాటి నేరస్థజాతుల చట్టము వారిపై నేరస్థులను ముద్ర వేసెను. 1914 మొదలు అమెరికను బాప్టిస్టు మిషనుకుఁ జెందిన బాడెన్ దొర కావలిలో వారిని కట్టడిలో నుంచి, పెద్దలకుఁ బనియుఁ బిల్లలకు బడియు నేర్పఱచెను. నాడులు తిరిగి వ్యాపారము చేసినవారికిఁ బని నేర్పవలసి వచ్చెననుట చోద్యమే. అనుమతి లేక వెడలరాని చోట నేర్పినది విద్యయో శిక్షయో చెప్పుట కష్టము. ఆ చట్టము చెన్నరాజధానిలో 1947లోను, దేశమంతట 1952లోను రద్దయ్యెను.

ఆ కాలముననే చేతిపనికి వేఱొక గౌరవమును గలిగెను. 1921 ఏప్రిలు 7న గాంధీమహాత్ముఁడు పెన్న యొడ్డునఁ బల్లిపాడులో సత్యాగ్రహాశ్రమమును బ్రారంభించెను. అచ్చట రాట్నము శిక్ష కాదు, వ్రతము. 1937 నాటి వార్ధా ప్రణాళిక యీ భావమునే బడికిఁ దెచ్చి, చేతిపని ద్వారమునఁ గడమ పాఠములను నేర్పఁజూచెను.

1953లో రాజగోపాలాచారి ప్రభుత్వము గ్రామ ప్రాథమిక పాఠశాలలలో చదువును దినమునకు మూఁడు గంటలకుఁ దగ్గించి, మిగిలిన ప్రొద్దు పిల్లలు తల్లిదండ్రుల వృత్తి నేర్వవలెనని తలపెట్టెను. నెల్లూరు అప్పటికిఁ జెన్నరాష్ట్రములోనిదే. ఆంధ్రరాష్ట్రము అక్టోబరు 1న నేర్పడెను. పైకిఁ జూడ నిది తెప్పకును వలకును దక్కిన మన్ననవలెఁ దోఁచును. కాని బెస్తవాని బిడ్డ బెస్తవాఁడే కావలెనని బడియే చెప్పినట్లగుట జనులకు దుస్సహమయ్యెను. కరణము కొడుకు కలమునే పట్టును గదా! ప్రతిఘటన చెలరేఁగఁగాఁ, జెన్నరాష్ట్రమున 1954లోఁ గామరాజు ప్రభుత్వము దానిని విడనాడెను.

తీరమున మత్స్యవిజ్ఞానమునకుఁ గళాశాల యేర్పడినది 1991లో, ముత్తుకూరునందు. చేఁపల పెంపకమును, నీటి గుణమును, రోగములను అచ్చట బోధింతురు. ఇంటర్మీడియటు సైన్సు ముగించినవారికిఁ బ్రవేశము. బడి నడుమ విడిచిన పాలెపు పిల్లవానికిఁ గడలి చదువు నేఁటికినిఁ దండ్రి పడవపైననే సాగుచున్నది.